ఎద్దు కొట్టంలో ఇంజిను

*పొయ్యి పొగను వంటింట్లోంచి సాగనంపాం. ట్రాక్టర్ పొగకు మాత్రం ఇంటి గోడలోనే దారి వదిలాం.*

జనవరి మొదటి వారం. తెల్లవారుజామున నాలుగున్నర. సూర్యాపేట జిల్లాలో సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న ఒక ఊళ్లో యాసంగి నాట్లు జోరు మీదున్నాయి. ఎవరి మడిలో ముందు దమ్ము కొట్టాలన్నది రాత్రే ఫోన్లలో ఖరారైంది. ఇంటిని ఆనుకుని వేసిన రేకుల షెడ్డులో ఇంటాయన ట్రాక్టర్ ఎక్కి తాళం తిప్పాడు. చలికి బండి మొండికేసింది. సెల్ఫ్ రెండుసార్లు మూలిగి ఆగింది. మూడోసారికి అందుకుంది. బానెట్ పక్కన నిటారుగా నిలబడ్డ సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ బుస్సున లేచి, పైనున్న రేకును గుద్దుకుని, నాలుగు వైపులా పరుచుకుని, గోడ వెంట కిందికి జారింది. చలి లోపలికి రాకూడదని షట్టర్ సగమే ఎత్తారు. బండిని అలాగే నడుస్తూ వదిలేసి ఆయన మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

షెడ్డుకూ పక్క గదికీ మధ్య ఒక తలుపు, తలుపు పైన ఒక వెంటిలేటరు. ఆ గదిలో మొదటి కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు పడుకుని ఉంది. పక్కలో నెల నిండని పాప. బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీలన్నీ బిగించారు, సందుల్లో పాత చీరలు కుక్కారు. తలుపు పైనున్న వెంటిలేటరు సంగతి ఎవరికీ తట్టలేదు.

"నాయినా, జర బయటికి తీసి పెట్టరాదే. గదంతా పొగే."

"అయిపాయె బిడ్డా, ఐదు నిమిషాలు. ఇప్పుడు ఆపితే మళ్ల సెల్ఫ్ పడుతదో పడదో."

ఆ ఐదు నిమిషాలు పదిహేనయ్యాయి. చాయ్ తాగి, కండువా చెవులకు చుట్టుకుని, ఆయన బండితో పొలానికి వెళ్లిపోయాడు. పొగ ఇంట్లోనే ఉండిపోయింది. కిటికీలు తెరిచే వేళకు బారెడు పొద్దెక్కింది.

ఏక్యూఐకి అందని గది

చలికాలం వచ్చిందంటే టీవీల్లో ఢిల్లీ పొగ మీద చర్చలే చర్చలు. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అన్న మాట ఇప్పుడు ఊళ్లో చాయ్ హోటల్ దాకా వచ్చేసింది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి ఇక్కడ గాలి బాగాలేదంటే, పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చెయ్యమంటుంది తల్లి. ఊరి గాలి పట్నం గాలి కంటే మెరుగే కావచ్చు. అయితే ఫోన్‌లో కనిపించే ఆ అంకె ఎక్కడో పట్నంలో, ఆరుబయట పెట్టిన యంత్రం చెప్పింది. షెడ్డును ఆనుకున్న గదిలో పొద్దున్నే ఏం పీలుస్తున్నామో దానికి తెలియదు.

ఇంటి పొగ మనకు కొత్త విషయం కాదు. కట్టెల పొయ్యి ముందు కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్ల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చి గ్యాస్ బండను పల్లె వంటింటికి చేర్చాయి. పొయ్యి పొగ చాలావరకు తగ్గింది. సరిగ్గా అదే కాలంలో మరో పొగ ముందువైపు నుంచి ఇంట్లోకి వచ్చింది. దీన్ని ఎవరూ పొగగా లెక్కెయ్యలేదు. సంపాదించి పెట్టే బండి పొగ కదా!

ఎద్దు వారసుడు

పశువుల్ని ఇంటికి ఎంత దగ్గరగా కట్టేసుకునేవాళ్లమో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. తెలంగాణలో కొట్టం, కోస్తాలో గొడ్ల సావిడి, గోదావరి వైపు పశువుల పాక. రాయలసీమ పాత మట్టి మిద్దెల్లో కొన్నిచోట్ల తలుపు దాటగానే ముందు భాగం గొడ్లది, రెండు మెట్లు ఎక్కితే మనుషులది. కప్పు మాత్రం ఒక్కటే. దొంగల భయం ఒక కారణం. అర్ధరాత్రి లేచి గడ్డి వెయ్యాలి, ఈనే బర్రెను కనిపెట్టుకుని ఉండాలి. అందుకే గోడకు కిటికీయో, తలుపు పైన సందో వదిలేవారు. ఎద్దు మెడలో గంట చప్పుడు మంచం మీదికి వినపడాలి.

ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ 1959లో తొలి దేశీ ట్రాక్టర్‌ను బయటికి తెచ్చింది. ఇప్పుడు మన దేశంలో ఏటా దాదాపు తొమ్మిది లక్షల ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. ప్రపంచంలో ఇంత పెద్ద ట్రాక్టర్ మార్కెట్ మరొకటి లేదు. మన జహీరాబాద్‌లోనే మహీంద్రా ఫ్యాక్టరీ 2013 నుంచి బండ్లు తయారు చేస్తోంది. ఎద్దుల జత వెళ్లిపోయిన చోటికి ట్రాక్టర్ వచ్చింది. దసరాకు దానికే పూజ, చక్రాల కింద దానికే నిమ్మకాయలు. కొట్టం మీద తాటాకు తీసి రేకులు వేశారు, గాడి పగలగొట్టి సిమెంటు నేల చేశారు. ఇంటికీ కొట్టానికీ నడుమ గోడ మాత్రం ఎద్దు కాలం నాటిదే. ఆ తలుపూ, ఆ సందూ అలాగే ఉన్నాయి.

కొత్తగా కట్టిన స్లాబు ఇళ్లలోనూ ఇదే వరస. మేస్త్రి చేత ముందు భాగంలో పన్నెండడుగుల వెడల్పు వదిలించుకుని, రెండు పక్కలా గోడ లేపి, ముందు షట్టర్ బిగిస్తారు. ఊళ్లో దాన్ని పార్కింగ్ అంటారు. హాలు తలుపు దాంట్లోకే తెరుచుకుంటుంది. ఇంకొందరి ఇళ్లలో పడకగది కిటికీ కూడా.

బయట పెట్టుకోవచ్చు కదా అని చెప్పడం తేలిక. రాత్రికి రాత్రి ట్యాంకులో పైపు వేసి డీజిల్ లాగేస్తారు. బ్యాటరీ విప్పుకుపోతారు. రోటవేటరు బ్లేళ్లూ మాయమవుతాయి. కిస్తీ కట్టాల్సిన బండిని వీధిలో వదిలి కంటి నిండా నిద్రపోయే రైతు ఎక్కడున్నాడు? కాబట్టి ట్రాక్టర్ ఇంట్లోనే ఉంటుంది. అక్కణ్ణుంచే మాట మొదలుపెట్టాలి.

పొగ పోయే దారి

నిటారు సైలెన్సర్ ఉన్న బండిలో పొగ మనిషి తల కంటే పైన విడుదలవుతుంది. పొలంలో అది మేలు, డ్రైవర్ ముఖానికి తగలకుండా పైకి పోతుంది. షెడ్డులో మాత్రం సరాసరి రేకుకు తగులుతుంది. వేడిగా ఉన్న పొగ కప్పు కింద పరుచుకుని దారి వెతుక్కుంటుంది. ఇంటి గోడకు వాలుగా దించిన రేకుల షెడ్డులో ఎత్తైన చోటు ఇంటి గోడ వైపే ఉంటుంది. వెంటిలేటరు, కరెంటు వైర్లు పోయే బొక్క, రేకుకూ గోడకూ నడుమ సిమెంటు పూయని సందు, ఇవన్నీ కూడా సరిగ్గా అక్కడే ఉంటాయి. అంటే పొగ ఎక్కడ చేరుతుందో దారులూ అక్కడే ఉన్నాయి. బత్తాయి తోటల్లో కొమ్మలు తగలకుండా సైలెన్సర్‌ను కిందికి దించిన బండ్లుంటాయి. వాటి పొగ తలుపు కింది సందును వెతుక్కుంటుంది.

దారి ఉన్నంత మాత్రాన పొగ లోపలికి రాదు, దాన్ని లాగేది ఒకటుండాలి. ఆ లాగేది చాలా ఇళ్లలో వంటింట్లో ఉంది. చాయ్ పెడుతూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు, కొత్త ఇళ్లలో అయితే చిమ్నీ. అది ఇంట్లోని గాలిని బయటికి తోస్తుంది. తోసినంత గాలి ఎక్కణ్ణుంచో ఒకచోట నుంచి లోపలికి రావాలి. చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మిగిలింది షెడ్డు వైపు సందే. చాయ్ వాసన వీధిలోకి, డీజిల్ వాసన హాల్లోకి!

అలవాటు పడ్డ ముక్కును నమ్మలేం. కొద్దిసేపటికే అది వాసన పట్టడం మానేస్తుంది. ఇంట్లోవాళ్లు వాసనేమీ లేదంటారు, బంధువులొస్తే గుమ్మంలోనే ముక్కు చిట్లిస్తారు. కళ్లకు మాత్రం సాక్ష్యం దొరుకుతుంది. షెడ్డు పక్క గదిలో పైకప్పు మూలకు చూడండి. మామూలు ఇంట్లో బూజు బూడిద రంగులో ఉంటుంది. ఇక్కడ అది కాటుక పూసిన దారంలా నల్లగా వేలాడుతుంది. ఫ్యాన్ రెక్క అంచు మీద వేలు పెట్టి రాస్తే జిడ్డుగా నల్లటి గీత. వెంటిలేటరు చుట్టూ సున్నం మీద, పొగ వచ్చిన వైపు నుంచి విసనకర్ర ఆకారంలో మసక.

[బాక్స్] అగరుబత్తి చెప్పే నిజం

ఇంటి తలుపులు, కిటికీలు మూసేయండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. సీలింగ్ ఫ్యాన్లు ఆపేయండి. ట్రాక్టర్ స్టార్ట్ చెయ్యనక్కర్లేదు. ఒక అగరుబత్తి వెలిగించి, షెడ్డు వైపు ఉన్న తలుపు కింది సందు దగ్గర, తాళం కన్నం దగ్గర, స్విచ్ బోర్డు అంచు దగ్గర, వెంటిలేటరు దగ్గర ఒక్కొక్క నిమిషం పట్టుకోండి. పొగ తిన్నగా పైకి లేస్తే అక్కడ సమస్య లేదు. ఇంటి లోపలి వైపు వంగితే, ట్రాక్టర్ పొగ వచ్చే దారి అదే. షెడ్డులో డీజిల్ క్యాన్లు, పెట్రోల్ సీసాలు ఉంటే ముందు వాటిని దూరంగా తీసేయండి.

కనిపించే పొగ, కనిపించనిది

మెకానిక్కులు పొగ రంగు చూసి రోగం చెబుతారు. చలిలో స్టార్ట్ చేసినప్పుడు తెల్లగా వచ్చేది సరిగా మండని డీజిల్ ఆవిరి. సిలిండర్లు వేడెక్కేదాకా అంతే. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని, రింగులు అరిగాయని అర్థం. నల్లగా వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. గాలి ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, నాజిల్ చెడి ఉంటుంది, లేదా పంపు పెంచి ఉంటారు. ఆ చివరిది మన దగ్గర బాగానే నడుస్తుంది. దమ్ములో బండి గుంజాలని పంపు సెట్టింగ్ మార్పిస్తారు. కోదాడలో ఒక మెకానిక్ మాట: "బండి పొగ పోస్తుందని ఎవరూ రారు సార్. బండి గుంజుతలేదని వస్తరు."

నల్లటి పొగలో ఉండేది మసి. ఆ రేణువుల్లో చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ రేణువులు ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల అట్టడుగుకు దిగుతాయి. వాటి ఒంటికి అంటుకుని మరికొన్ని రసాయనాలు వెళ్తాయి. తోడుగా నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు, కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ వంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1988లో డీజిల్ పొగను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. 2012 జూన్‌లో ఆ అనుమానాన్ని తీసేసి, క్యాన్సర్ కారకమేనని మొదటి గ్రూపులో పెట్టింది. అమెరికాలో ఎనిమిది గనుల్లో పనిచేసిన 12,315 మంది మీద జరిగిన అధ్యయనం అంతకు మూడు నెలల ముందే వెలువడింది. గని సొరంగంలో డీజిల్ బండ్ల నడుమ ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు పెరిగాయని అది తేల్చింది.

గనికీ మన షెడ్డుకూ పోలిక పెట్టి భయపెట్టడం న్యాయం కాదు. గనిలో పొగ పని గంటలంతా ఉంటుంది, ఇక్కడ పొద్దున పదిహేను నిమిషాలు, రాత్రి వచ్చాక ఐదు. నాలుగు రోజుల పొగకు ఎవరికీ క్యాన్సర్ రాదు. అయితే గనిలోకి దిగేది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు. షెడ్డు పక్క గదిలో ఉండేది ఆయాసంతో మంచం పట్టిన ముసలామె, నెలల బిడ్డ, తెల్లవారుజామున లేచి పదో తరగతి చదువుకునే పిల్లాడు. పసిపిల్లలు ఒంటి బరువుతో చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఏళ్లు అక్కర్లేదు, ఆ పదిహేను నిమిషాలే చాలు. పొగ పుట్టించిన మనిషి మాత్రం అప్పటికే చల్లటి పొలం గాలిలో ఉంటాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ప్రభుత్వ నిబంధనల సంగతీ ఒక మాట. రోడ్డు మీద తిరిగే కొత్త వాహనాలన్నిటికీ 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ ప్రమాణం వచ్చింది. ట్రాక్టర్లకు లెక్క వేరు. 50 హార్స్‌పవర్ దాటినవాటికి మాత్రమే 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే పొగ నిబంధన అమలైంది. మన ఊళ్లలో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం 50 లోపువే. ఇంటి పక్కన నిలబడేవీ అవే.

[బాక్స్] ఆక్సీమీటర్‌ను నమ్మకండి

రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ ఇంజిన్‌లో గాలి ఎక్కువగా ఉండి మండుతుంది కాబట్టి ఈ వాయువు పెట్రోల్ ఇంజిన్ కంటే తక్కువ. షెడ్డులో పెట్రోల్ జనరేటర్, పెట్రోల్ స్ప్రేయర్ నడిపితే ప్రమాదం ఎన్నో రెట్లు. మూసిన గదిలో డీజిల్‌తోనూ ప్రమాదమే.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదటి గుర్తులు. ఇంట్లో అందరికీ ఒకేసారి రావడం, బయటికొస్తే తగ్గడం అసలు గుర్తు. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 98 చూపిస్తుంది. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ, ఆక్సిజన్ పట్టిన రక్తాన్నీ అది వేరు చెయ్యలేదు. ముందు బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చెయ్యండి, డాక్టరుకు ఇంజిన్ పొగ పీల్చారని చెప్పండి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోంచి అది సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది.

అమెరికా గ్యారేజీ పాఠం

ఇల్లూ బండి గదీ ఒకే కప్పు కింద ఉండటం అమెరికా, కెనడాల్లో మామూలు. టెక్సస్‌లోనో, నార్త్ కరోలినాలోనో ఊరి చివర రెండు మూడెకరాల జాగా కొనుక్కున్న మనవాళ్లు గడ్డి కొయ్యడానికి, మట్టి ఎత్తడానికి చిన్న డీజిల్ ట్రాక్టర్ కొంటున్నారు. అది కారు పక్కనే, గ్యారేజీలోనే ఉంటుంది. గ్యారేజీ తలుపు తెరిస్తే వంటగది.

అక్కడి ఇళ్ల నిర్మాణ నిబంధనావళిలో ఒక వాక్యం మన మేస్త్రీలందరికీ వినిపించాలనిపిస్తుంది: గ్యారేజీ నుంచి పడకగదిలోకి నేరుగా ఏ తలుపూ, ఏ కన్నమూ ఉండకూడదు. ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడకు జిప్సం బోర్డు వెయ్యాలి, తలుపు గట్టి చెక్కదో, ఇరవై నిమిషాలు మంటకు తట్టుకునేదో అయ్యుండాలి. ఇదంతా నిప్పు భయంతో పెట్టిందే. పొగకూ పనికొచ్చింది.

పొగ ఎంత మొండిదో చెప్పే పరీక్ష ఒకటి అయోవా స్టేట్ యూనివర్సిటీలో చేశారు. చలిలో, గ్యారేజీ పెద్ద తలుపు పూర్తిగా తెరిచి ఉంచి, ఒక పెట్రోల్ కారును రెండే నిమిషాలు నడిపి బయటికి తీసుకెళ్లారు. లోపల కార్బన్ మోనాక్సైడ్ 500 పీపీఎంకు (పది లక్షల వంతుల గాలిలో 500 వంతులకు) చేరింది. పది గంటల తర్వాత కూడా యంత్రానికి దాని జాడ దొరికింది. తలుపు తెరిచే ఉంది కదా అన్న ధీమా అక్కడే పోయింది. ఒట్టావాలో హెల్త్ కెనడా పరిశోధకులు గ్యారేజీల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి చూశారు. ఫ్యాన్ నడిచినప్పుడు ఇంట్లోకి చేరే బెంజీన్ వంటివి బాగా తగ్గాయి. మన వంటింటి ఫ్యాన్ కథ ఇక్కడ తిరగబడిందన్నమాట. ఏ గదిలోంచి గాలిని బయటికి లాగుతామో, పొగ ఆ గదిలోనే ఆగిపోతుంది.

అమెరికాలోనూ చట్టానికి ఒక సందుంది. 19 కిలోవాట్లు, అంటే సుమారు 25 హార్స్‌పవర్ దాటిన కొత్త చిన్న ఇంజిన్లకు మసి పరిమితి యూనిట్‌కు 0.03 గ్రాములు. దానికోసం సాధారణంగా సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. 25 లోపు ఇంజిన్లకు పరిమితి 0.40 గ్రాములు, పదమూడు రెట్లు. గ్యారేజీలో పట్టేంత చిన్న బండ్లు ఎక్కువగా ఆ గీత కిందివే. కొనేవాళ్లూ ఫిల్టర్ తలనొప్పి లేదని వాటినే ఇష్టపడతారు. ఫిల్టర్ ఉన్న బండి తీసుకున్నా ఒక జాగ్రత్త. అది పట్టిన మసిని తనే కాల్చుకునేటప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఆ పని గ్యారేజీలో చెయ్యనివ్వకూడదు.

ఇంకో సంగతి. అక్కడి ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం మామూలు. అది 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు మోగేలా ఉంటుంది. మసి, నైట్రోజన్ డయాక్సైడ్ దానికి కనపడవు. అలారం మోగలేదు కదా అని డీజిల్ బండిని లోపల నడుపుతూ కూర్చోకూడదు.

సెల్ఫ్ పడదన్న భయం

మళ్లీ మన షెడ్డుకొద్దాం. బండిని స్టార్ట్ చేసి అక్కడే పావుగంట ఎందుకు నిలబెడతారు? ఇంజిన్ వేడెక్కాలి అంటారు. ఇంజిన్ ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఒక నిమిషం చాలు. ఆ తర్వాత ఖాళీగా నిలబెట్టి వేడి చెయ్యడం కంటే, రేసు తక్కువగా పెట్టి మెల్లగా పొలం దాకా నడిపితే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ఖాళీగా నడిస్తే సిలిండర్లలో వేడి చాలక డీజిల్ సరిగా మండదు, మసి పెరుగుతుంది. గంటకు దాదాపు లీటరు డీజిల్ ఊరికే పోతుంది.

రైతులతో కాస్త చనువుగా మాట్లాడితే అసలు కారణం బయటపడుతుంది. బ్యాటరీ వీక్. ఒకసారి ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. పొద్దున్నే నలుగుర్ని పిలిచి తోయించుకోవడం ఎవరికైనా నామోషీ. అందుకని ఒకసారి అందుకున్న బండిని ఇక ఆపరు. చాయ్ అయ్యేదాకా, డ్రైవర్ వచ్చేదాకా, పక్కింటాయనతో మాట్లాడేదాకా అది అలా కొట్టుకుంటూనే ఉంటుంది. బాలింత గదిలో పొగ తగ్గాలంటే కొనాల్సిన మొదటి వస్తువు కొత్త బ్యాటరీ అంటే నవ్వుతారు గానీ, నా లెక్కలో అదే నిజం. ఉన్న బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి ఉప్పును వేడినీళ్లతో కడిగి, బిగించి, వాసెలిన్ రాసినా సగం రోగం పోతుంది. అలాగే ఆయిల్ బాత్ గాలి ఫిల్టర్ గిన్నె విప్పి చూడండి. కోతల దుమ్ము పడి నూనె అడుగున బురదలా గట్టిపడి ఉంటే, నల్ల పొగకు కారణం అక్కడే ఉంది.

రేకు, గోడ, పైపు

పైసా ఖర్చు లేనిది ఒకటుంది. బండిని వెనక్కి నడిపి లోపల పెట్టడం. ట్రాక్టర్ పొడవు పదకొండు, పన్నెండు అడుగులు, సైలెన్సర్ ముందు భాగంలో ఉంటుంది. ముక్కు లోపలికి పెడితే పొగ ఇంటి గోడ మీద, తిప్పి పెడితే షట్టర్ దగ్గర. పైగా పొద్దున స్టార్ట్ చెయ్యగానే నేరుగా బయటికి వచ్చేస్తుంది. లోపల గేర్లు మార్చుకుంటూ, రేసు ఇచ్చుకుంటూ రివర్స్ తియ్యాల్సిన పని తప్పుతుంది. రాత్రి అలసిపోయి వచ్చి, చీకట్లో, ట్రక్కుతో సహా రివర్స్ పెట్టమంటే ఎవరూ పెట్టరన్నదీ నిజమే. ట్రక్కును గేటు బయట విప్పేస్తే బండి ఒక్కదాన్ని తిప్పడం రెండు నిమిషాల పని.

తర్వాత గోడ. షెడ్డు వైపు వెంటిలేటర్లు మూసెయ్యాలి, ఇటుక పెట్టి సిమెంటు పూసినా సరే. ఆ గదికి గాలి కావాలంటే వేరే గోడకు పెట్టుకోవచ్చు. వైర్ల బొక్కలు, రేకూ గోడా కలిసే సందు నిండా పూత వెయ్యాలి. తలుపు కింద రబ్బరు పట్టీ బిగించాలి. ఇంత చేసి పైన రేకుకు దారి వదలకపోతే షెడ్డు పొగగొట్టం లేని బట్టీ అవుతుంది. ఇంటి గోడకు దూరంగా, రేకుల్లో కన్నం పెట్టి గోదాముల మీద గాలికి తిరిగే గుండ్రటి టర్బో వెంటిలేటర్ ఒకటి బిగిస్తే కరెంటు కూడా అక్కర్లేదు. పైన గాలి పోవడానికి దారి, కింద షట్టర్ వైపు గాలి రావడానికి దారి, రెండూ ఉండాలి. కరెంటు ఫ్యాన్ పెట్టేవాళ్లు దాన్ని బయటికి తోసేలా పెట్టాలి. కొన్నిచోట్ల చల్లదనం కోసం లోపలికి ఊదేలా బిగించారు. అది పొగను గదిలోకి తోసే యంత్రం.

సైలెన్సర్‌కు పైపు తొడిగి బయటికి తీస్తే పోలా అని చాలామందికి ఆలోచన వస్తుంది. పెద్ద వర్క్‌షాపుల్లో ఆ ఏర్పాటు ఉంటుంది, కాకపోతే వేడికి తట్టుకునే ప్రత్యేకమైన గొట్టంతో, దాన్ని లాగే ఫ్యాన్‌తో. మన చేతికి దొరికేది బోరు పైపు. పీవీసీ ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. సైలెన్సర్ వేడికి అది తట్టుకోదు, కరిగి బానెట్ మీద పడుతుంది. ఇనప పైపును వంపులు తిప్పి పొడవుగా వెల్డింగ్ చేయిస్తే పొగ వెనక్కి ఒత్తి ఇంజిన్ బలం తగ్గుతుంది. ఆ ప్రయోగాలు వద్దు.

[బాక్స్] దొంగకూ పొగకూ ఒకటే తాళం

షెడ్డును ఇంటికి దూరంగా, పెరట్లో ఓ మూల వేసుకోవడం అన్నిటికన్నా మేలు. దొంగల భయమే అడ్డమైతే: డీజిల్ ట్యాంకుకు తాళం ఉన్న మూత, బ్యాటరీ పెట్టెకు ఇనప పట్టీ, బ్యాటరీ లైనుకు కట్ ఆఫ్ స్విచ్. మూడూ ఆటోమొబైల్ షాపుల్లో, వెల్డింగ్ షాపుల్లో దొరికేవే. కట్ ఆఫ్ స్విచ్ వల్ల రాత్రంతా కరెంటు కారిపోదు, పొద్దున సెల్ఫ్ కూడా బాగా పడుతుంది.

పక్కింటి గోడ

సమస్య ఇంటితో ఆగితే బాగుండేది. ఊళ్లో సందులు ఎనిమిది, పదడుగులు. మన షెడ్డు పొగను బయటికి తోస్తే అది ఎదురింటి కిటికీలోకి పోతుంది. చలికాలం పొద్దున బయట గాలి కూడా కదలదు. పొగ సందులోనే తచ్చాడుతుంది. ట్రాక్టర్ పొగ మీద మొదలైన మాట గోడ హద్దుల దాకా, పాత పంచాయితీల దాకా పోయిన ఊళ్లున్నాయి. బండి ఉన్నవాడు చేలు దున్నిపెట్టేవాడు కాబట్టి అవతలివాళ్లు గట్టిగా అడగలేరు కూడా. నాట్ల సమయంలో ట్రాక్టర్ ఆయనతో ఎవరు పెట్టుకుంటారు?

కొత్త ఇంటికి ముగ్గు పోసే రోజున ఇదంతా ఖర్చు లేకుండా తేలిపోవాలి. గేటు ఎటు ఉండాలో, వాహనం వాయవ్యంలో పెట్టాలో వద్దో సిద్ధాంతిని అడుగుతారు. షెడ్డుకూ పడకగదికీ మధ్య మెట్లో, స్నానాల గదో వచ్చేలా గది ఒకటి అటూ ఇటూ జరపమని మేస్త్రిని అడిగేవాళ్లు అరుదు. ముప్ఫై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న ఒక పెద్ద మేస్త్రిని ఈ మాట అడిగితే కాసేపు ఆలోచించాడు.

"ఎడం ఇడిసి కట్టుమంటే ఎవరూ ఒప్పుకోరు సార్, గజం జాగ ఇడువరు. గోడకు వెంటిలేటరు వద్దన్నోళ్లు మాత్రం ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కనబడ్డరు."

పొగ వస్తుందనా?

"కాదు సార్. దోమలొస్తున్నయని."